డప్పు కాగినంక

సిద్దిపేటలో ఎవరు దేనికి తొందరపెట్టినా మా పాటలాయన ఒకటే మాట అనేవాడు: "డప్పు కాగనీ తమ్మీ." బువ్వకు పిలిచినా అదే జవాబు.

పాట రాసేది తనే. అయినా కుకునూరుపల్లి నుంచి వచ్చే డప్పు పెద్దాయన గడ్డిమంట మీద తోలు బిగిసేలా కాచి రెండు దెబ్బలు వేసేదాకా నోరు విప్పేవాడు కాదు. ఆ దరువులో ఒదగని మాట ఎంత ముద్దుగా ఉన్నా కొట్టేసేవాడు.

తొంభైల్లో మొదటి క్యాసెట్ రికార్డింగుకు హైదరాబాద్ వెళ్లాం. నేను కోరస్. స్టూడియో ఏసీకి డప్పు సడలిపోయి, కొడితే తడిసిన అట్ట చప్పుడు వచ్చింది.

"తబలాతో కానిద్దాం. మావాడు రెడీగా ఉన్నాడు," అన్నాడు స్టూడియో యజమాని.

"గాయిన మంచిగనే కొడ్తడు సార్. కానీ గీ పాట నేను గీ డప్పు ఇనుకుంటనే రాసిన," అంటూ మా పాటలాయన లేచాడు. "మైకు జర వాకిట్లకు తెప్పియ్యున్రి. డప్పు కాగనీ."

వైరు బయటికి లాగారు. పెద్దాయన తన సంచిలోంచి వరిగడ్డి తీసి అంటించాడు. అప్పటికే టేపు తిరుగుతోంది. పాటకు ముందే మంట చిటపటలు అందులోకి ఎక్కాయి. చెరిపేద్దామన్నాడు యజమాని.

"ఉండనీయున్రి సార్. పాట గా మంట కాన్నుంచే మొదలైతది."

క్యాసెట్ వచ్చాక, మొదట్లో ఏదో గరగర వస్తోందని, టేపు చెడిపోయిందని హైదరాబాదులో చాలామంది దుకాణాలకు వాపసు తెచ్చారట.

సిద్దిపేటలో ఒక్కటీ వాపసు రాలేదు.