కెప్టెన్ పెద్దమ్మ

ఏలూరు కబడ్డీ జట్టు రాష్ట్ర పోటీల్లో సెమీస్‌కు చేరిన రోజు నుంచి మా పత్రికకు పూనకం వచ్చింది. కుర్రాళ్లు పొద్దున్నే ఏం తిన్నారు, ఏ బస్సెక్కారు, కెప్టెన్ మోకాలికి ఏ నూనె రాశారు, అన్నీ వార్తలే. ఆకివీడు నుంచి ఆ పత్రికకు నేను వార్తలు పంపేవాణ్ణి. నాకూ కబడ్డీ ఇష్టమే. కానీ దేనికైనా ఓ హద్దుండాలి కదా.

నా గొడవ వేరు. మా అక్క కొల్లేటి లంక ఊళ్లో ఉంటుంది. ఊరికీ రోడ్డుకీ మధ్య డ్రెయిన్ కాలువ, దాని మీద బల్లల వంతెన. చేపల చెరువు పనికి అక్క రోజూ దాని మీదుగానే వెళ్లాలి. వానలు మొదలయ్యేసరికి నడిమి బల్లలు పుచ్చిపోయి, కాలు పెడితే కుంగుతున్నాయి.

"ఒరేయ్, రెండు ముక్కలు రాయరా. పేపర్లో పడితేగానీ ఆఫీసర్లు కదలరు," అంది. అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి. ఆమె అడిగితే రాయనా?

రాశాను. పడలేదు. మళ్లీ రాశాను. ఈసారి పేజీలో పెట్టారట, కెప్టెన్ మోకాలి ఫొటో పెద్దది చేయాల్సొచ్చి తీసేశారట. ఏలూరు డెస్కుకు ఫోన్ చేశాను. అక్కడ కూర్చునే ఆయన మెత్తని మనిషి.

"ఏవండీ, వంతెన ఎక్కడికి పోద్దండీ? ఫైనల్ అవనివ్వండి."

"ఎక్కడికీ పోదండీ, కిందికి పోద్ది."

ఆయన నవ్వారు. "పోనీ, అది దాటేవాళ్లలో టీమ్‌కి చుట్టాలెవరైనా ఉన్నారాండీ? ఉంటే ఇవాళే వేసేద్దాం."

"లేరండీ," అని పెట్టేశాను. నాకు ఒళ్లు మండిపోయింది. కెప్టెన్ పుట్టింది అక్క వాళ్ల ఊళ్లోనే. కానీ వాళ్ల కుటుంబం ఎప్పుడో వట్లూరు వెళ్లిపోయింది. బల్లలు పుచ్చాయంటే చాలదా, చుట్టరికం కూడా చూపించాలా? ఆ సాయంత్రం అక్క ఇంటికెళ్లి ఇదంతా చెప్పి, మొహం మీదే లేరని చెప్పేశానని గొప్పలు పోయాను. అక్క వింటూనే చేపల పులుసు వడ్డించింది.

"ఫైనల్ అయ్యేదాకా ఆ దారిన వెళ్లకక్కా."

"ఎగిరెళ్లమంటావేంట్రా?"

వాన ఆగలేదు. పొద్దున్నే ఫోన్ మోగితే చాలు, అక్క ఊరి నుంచేమోనని ఉలిక్కిపడేవాణ్ణి. జట్టు ఫైనల్‌కు చేరడంతో పేపర్లో మాత్రం రోజుకో పేజీ కబడ్డీ. ఫైనల్ రోజు ఉదయం బావ ఫోన్ చేశాడు. బల్ల విరిగి, అక్క కాలు సందులో ఇరుక్కుపోయిందట. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్నామన్నాడు.

ఎముక రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రి వరండాలోంచే డెస్కుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"అయ్యయ్యో," అన్నారాయన. నిజంగానే బాధపడ్డారు. "కానీ ఇవాళ చోటు లేదండీ, ఫైనల్ కదా."

"ఆవిడ కెప్టెన్‌కి పెద్దమ్మండీ," అన్నాను.

లంక ఊళ్లలో అందరికీ అందరూ ఏదో ఒక వరస అవుతారు. చిన్నప్పటి నుంచీ ఆ కుర్రాడు మా అక్కను పెద్దమ్మా అనే పిలుస్తాడు. రక్తసంబంధం వెతికితే మాత్రం ఏడు తరాల్లోనూ దొరకదు.

మర్నాడు జిల్లా పేజీలో పైనే పడింది, 'ఫైనల్ వేళ కెప్టెన్ పెద్దమ్మకు గాయాలు' అని. వంతెన ఫొటో అరచేయంత వేశారు. మధ్యాహ్నానికల్లా ఆఫీసర్లు వచ్చారు, వెనకే ట్రాక్టర్ మీద కొత్త బల్లలు. సాయంత్రానికి పని అయిపోయిందని బావ చెప్పాడు.

పేపర్ పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. అక్క పిండికట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుంది. వార్త మొత్తం చదివి వినిపించాను.

"వాడు నన్ను పెద్దమ్మా అంటాడని నీకు ముందు తెలీదేంట్రా?" అంది.

"తెలుసక్కా."

"మరి ఆ రోజు ఆయన అడిగినప్పుడే ఈ ముక్క అనుండొచ్చుగా."

అబద్ధం ఎందుకని అనబోయాను. కట్టు బిగుసుకుందో ఏమో, అక్క మూలుగుతూ కాలు సర్దమంది. పేపర్ కింద పడేసి, రెండు చేతులతో ఆ కాలు ఎత్తి పట్టుకున్నాను.