మేమిద్దరం కల్లు దుకాణానికి పోయిన ఏడాది

మొన్న కిరాణా కొట్లో చక్కెర కొంటుంటే, కొట్టు అబ్బాయి కొత్త సంవత్సరం క్యాలెండరు ఒకటి చుట్టచుట్టి నా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి మేకుకు తగిలించి చూస్తే, పూర్వం లాగే ఒక్కో తేదీకి ఒక్కో పెద్ద గడి, అందులో పాల లెక్కో, గ్యాసుబండ వచ్చిన రోజో రాసుకునేంత జాగా ఉంది. నా ఈడు ఆడవాళ్లలో ఆ గళ్లను ఖాళీగా వదిలిపెట్టినవాళ్లు తక్కువ. చుట్టాల పెళ్లిళ్లు రాసుకున్నవాళ్లున్నారు, బర్రె ఈనే రోజు రాసుకున్నవాళ్లున్నారు. నేను మాత్రం తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక ఏడాది పొడుగునా, నేనూ మా ఆయనా కల్లు దుకాణానికి ఎన్నడెన్నడు పోయామో, ఎందుకు పోయామో ఆ గళ్లలో రాసిపెట్టాను. ఇన్నాళ్లకు ఆ సంగతి చెప్పాలనిపించింది. అప్పటి మా అవస్థ పాలమూరు పల్లెల్లో నా ఒక్కదానికే ఎరుక కాదు, అది పడ్డవాళ్లు ఊరికి వందమంది ఉంటారు.

కల్లు అనగానే ముఖం చిట్లించుకునేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. మా చిన్నతనంలో కల్లు మాకు మత్తు కాదు, ఆహారం. కోస్గి పక్కన మా ఊళ్లో వాగు గడ్డన ఈతచెట్లు గుంపులుగా ఉండేవి. పొద్దున్నే గీసి దించిన కల్లును మా నాయిన చిన్న కుండలో తెచ్చేవాడు, మోదుగాకు దొప్పలో పోసి పిల్లలకూ తలా ఒక గుక్క ఇచ్చేవాడు. బాలింతలకు పాలు పడతాయని పోసేవాళ్లు, ఎండదెబ్బ తగిలినవాళ్లకు పోసేవాళ్లు. మాది క్రైస్తవుల ఇల్లు, మా తాతల కాలంలో గుంట భూమి లేనివాళ్లం. ఆదివారం పాస్టరయ్య కల్లు పాపమని ప్రసంగం చేస్తుంటే మా అవ్వ తల వంచుకుని వినేది, ఇంటికి వచ్చాక ఆయనకు కడుపులో మంట ఎక్కువైనట్టుంది, ఒక దొప్ప తాగితే చల్లబడునని నవ్వేది. ఆ తీపీ, ఆ నురగా, అందులో పడ్డ చీమలను ఊదుకుంటూ తాగడం, అవన్నీ నాకు మా నాయిన చేతి వాసనతో కలిసి గుర్తున్నాయి.

మేం మా పెద్దతనంలో పోయిన కల్లు దుకాణం వేరు. అదే ఊరి బయట రోడ్డు పక్కన పెద్ద రేకుల షెడ్డు, కూర్చోవడానికి బారుగా బండలు, తెల్లటి సీసాలు నింపిన డబ్బాలు. వాగు గడ్డన ఈతచెట్లు ఎప్పుడో కొట్టేశారు. చెట్లు లేని ఊళ్లోకి అన్ని సీసాలు ఎక్కడినుంచి వస్తున్నాయని ఎవరమూ అడగలేదు. మా ఆయన మేస్త్రీ. పుణెలో, బొంబాయిలో పదంతస్తుల గోడలు కట్టి, నడుము అరగదీసుకుని ఊరికి తిరిగొచ్చినవాడు. పొద్దూకితే ఒళ్లంతా సలుపు, ఒక సీసా తాగితే గాని కూర్చోలేకపోయేవాడు. నేను ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. మొదట్లో ఆయనకు తోడుగా పోయాను. అక్కడ ఆడవాళ్లది ఒక వరస. నాట్లు వేసి వచ్చినవాళ్లు, పత్తి ఏరి వచ్చినవాళ్లు కాళ్లు బార్లా చాపుకుని, ఉడికించిన శనగలు నములుతూ, అత్తల మీదా కోడళ్ల మీదా చెప్పుకుంటూ తాగేవాళ్లు. పగలు పిల్లలను తెచ్చి నా దగ్గర దింపిన తల్లులే సాయంత్రం అక్కడ కొంచెం జరిగి నాకు చోటిచ్చేవాళ్లు. ఆ జరిగి చోటివ్వడం ఉంది చూడండి, దానికోసమే పోయేదాన్నేమోనని ఇప్పుడనిపిస్తుంది. కాని కొన్నేళ్లకు, పోని రోజున నా చేతులు వణకడం మొదలైంది. పిల్లలకు గుడ్డు ఒలిచి పెట్టబోతే గుడ్డు జారి కింద పడేది.

ఆ ఏడాది మొదట్లో ఒకనాడు అధికారులు వచ్చి దుకాణానికి తాళం వేసి పోయారు. ఊరు ఊరంతా పండుగ నాడు పొయ్యి వెలగని ఇల్లులా అయింది. రెండు రోజులు ఎట్లాగో గడిచాయి. ఆ తర్వాత మా ఆయన మెడ ఒక పక్కకు వంకర తిరిగింది. గోడ మీద లేని తేళ్లను చూపించి చంపమన్నాడు, నన్ను వాళ్ల అమ్మ పేరుతో పిలిచాడు, ఉన్నట్టుండి కొయ్యబారి నేలమీద కొట్టుకున్నాడు. వాడకట్టులో మా ఇంట్లోనే కాదు, ఇంటింటా అదే గోస. ఆటోలో ముగ్గురు నలుగురు రోగులను ఒకరి ఒళ్లో ఒకరిని వేసుకుని పాలమూరు దవాఖానకు పోయాం. నేనే రోగిని, నేనే తోడు వచ్చినదాన్ని. దారి పొడుగునా ఆయన తలను నా రొమ్ముకు అదిమిపట్టుకుని, ప్రభువా ప్రభువా అనడం తప్ప ఇంకో మాట నోట రాలేదు.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ మమ్మల్ని చూసింది. నల్లగొండ దిక్కు అమ్మాయి. మేం తాగింది కల్లు కాదని, నీళ్లలో మత్తుమందు కలిపినదని, ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు అది లేకుండా ఒక్కసారిగా ఉండలేదని మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. గోళీలు ఇచ్చింది. వాటిని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలని, సొంతంగా మానేయొద్దని మా ఆయన చేత రెండుసార్లు అనిపించింది. నేను చదువుకున్నదాన్నని తెలిసి, దుకాణానికి పోయిన ప్రతి రోజూ రాసిపెట్టమంది. తిట్టుకోకుండా రాయమంది. ఎన్ని సీసాలు, ఎందుకు పోవాలనిపించింది, అంతే.

రాస్తే ఏమొస్తదని నేను అడిగాను.

"ఏమీ రాదమ్మా. గాని రాసేటప్పుడు జరసేపు ఆగుతవు గదా. గా జరసేపే నాకు గావాలె" అంది.

అలా మొదలైంది మా లెక్క. దుకాణం పది పదిహేను రోజులకే మళ్లీ తెరిచారు. క్యాలెండరు గడిలో పైన మా ఆయనది, కింద నాది. పోని రోజున సున్నా. మా ఆయనకు చదువు రాదు గాని గోడకట్టు లెక్కలో గట్టివాడు, రాత్రి అన్నం తిన్నాక ఆ గళ్లను చదివించుకుని వినేవాడు. మొదటి నెలల్లో సున్నాలు లేవు. కారణాలు మాత్రం ఎన్ని రకాలో. నడుము నొప్పి. మా ఆడబిడ్డ కొడుకు పెళ్లి. కంది కోత కూలి దొరికింది. కంది కోత కూలి దొరకలేదు. వాన. పాస్టరయ్య పలకరించలేదు. కొన్ని గళ్లలో కారణం తోచక ఊరకే అని రాశాను. ఆ ఊరకేలను చదివి వినిపిస్తే మా ఆయన మిగతావాటికి నవ్వినట్టు నవ్వేవాడు కాదు. ఎన్నిసార్లు పెన్సిలు విసిరికొట్టానో, ఎన్నిసార్లు ఇద్దరం దుకాణం సగం దారిలో నిలబడి, ముందుకు పోలేక, వెనక్కి రాలేక ఏడ్చామో. మునిగేవాడికి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, కాళ్లకే నేల తగలదు. మాకు అట్లా ఉండేది.

ఎండాకాలం నాటికి సీసాలు తగ్గాయి. అక్కడొకటి ఇక్కడొకటి సున్నాలు పడ్డాయి. గోళీ కూడా డాక్టరమ్మ సగానికి తెచ్చింది. వానలు మొదలయ్యాక దేవరకొండ పక్కన ఒకరు ఇల్లు కట్టుకుంటున్నారని కబురొస్తే మా ఆయన పనికి బయలుదేరాడు. ఊరికి దూరంగా, దుకాణానికి దూరంగా ఉంటే మంచిదేనని నేనే బట్టలు సర్ది, గోళీల పొట్లం సంచిలో పెట్టి పంపాను. రోజూ పొద్దూకే వేళకు ఫోన్ చేసేవాడు. ముందు కోట గుట్ట కనబడుతుందని చెప్పేవాడు, అక్కడి ఇసుక మంచిది కాదనేవాడు, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చేవాడు.

"ఇయ్యాల గూడ ముట్టలే. నా దాంట్ల సున్నా రాయి."

రాసేదాన్ని. ఒక దాని పక్కన ఒకటి పైవరసలో గుండ్రంగా సున్నాలు పడుతుంటే నాకు ఎంత సంబరమయ్యేదో ఏం చెప్పను. పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి ఆయన గొంతులో ఒక గర్వం విన్నాను. ఆ ఊపులో నేనూ కొన్ని రోజులు పోకుండా ఉన్నాను.

ఒక పొద్దున ఆయనతో పనిచేసే మనిషి ఫోన్ చేశాడు. గోడ పక్కన పరంజా కట్టెల మీద నిలబడి ఇటుక అందుకుంటూ మా ఆయన ఉన్నట్టుండి బిగుసుకుపోయాడట, ఎవరూ పట్టుకునేలోపల పడిపోయాడట. నేనూ మా చుట్టాలూ చేరేసరికి ప్రాణం లేదు. ఆయన సంచి నా చేతికి ఇచ్చారు. గోళీల పొట్లం విప్పలేదు. కల్లు మానేసినవాడికి ఇంకా గోళీ ఎందుకని, మొగోడన్నాక అదీ మానేస్తే లెక్క తెగిపోతుందని తోటివాళ్లతో అన్నాడట. నాతో ఆ మాట అనలేదు. నన్ను సంతోషపెడదామనే అనుకున్నాడో, ఒక్కసారే అంతా చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడో నాకు తెలియదు. నేను మురిసిపోతూ రాసిన ఆ సున్నాల కిందనే ఆయన ఒళ్లు ఒంటరిగా ఆ పోరాటమంతా చేసిందని, ఒక్క గడీ నాకు ఆ సంగతి చెప్పలేదని ఇప్పటికీ తలచుకుంటాను.

సమాధి చేసి వచ్చిన నాటినుంచి నేను ఆగలేదు. చుట్టాలే సీసా తెచ్చి చేతికిచ్చారు, తాగితే నిద్రపడుతుందన్నారు, వాళ్లది ప్రేమే. పొద్దున కూడా పోయాను, సాయంత్రమూ పోయాను. పైవరస ఖాళీ, కిందివరస నిండిపోయింది. కారణం దగ్గర ఏమీ రాయలేదు. సెంటరులో పిల్లలు ఏడుస్తుంటే నాకు ఎక్కడో దూరంగా వినిపించేది. సెంటరు ఆయా నా బదులు పిల్లలను చూసుకుని రెండు మూడుసార్లు నన్ను కాపాడింది, ఎంతకాలం కాపాడుతుంది? ఆయన పోయిన చోటికే పోతే బాగుండునని, దానికి ఈ సీసాల దారి దగ్గరిదని అనుకున్న రోజులున్నాయి.

మా బిడ్డ అప్పుడు హైదరాబాదులో ఒక బట్టల దుకాణంలో పనిచేసేది. సమాధి అయ్యాక పనికి పోయింది, నలభై రోజుల ప్రార్థన కూడికకు తిరిగొచ్చి ఇక పోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. వంట చేసేది, నా తల దువ్వేది, నేను తూలుకుంటూ వస్తే కాళ్లు కడిగేది. ఒక సాయంత్రం నేను చెప్పులు తొడుక్కుంటుంటే తనూ చెప్పులు తొడుక్కుని నా వెంట నడిచింది. దుకాణంలో ఆడవాళ్ల వరసలో నా పక్కన కూర్చుంది. నాకు సీసా తెచ్చిన మనిషి వైపు చెయ్యి చాపి తనకూ ఒకటి ఇమ్మంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఎందుకమ్మ పట్టుకుంటవు? నాయిన నీకొక్కదానికే సచ్చిపోయిండా? నాకు గూడ నిద్రవడ్తలేదు" అంది.

మెల్లగానే అంది. నేను దాని ముఖం చూశాను. రెండు నెలలు కావస్తోంది నాయిన పోయి, అది ఏడవగా నేను చూడలేదు, చూసే స్థితిలో లేను. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. అంతా మా ఆయన ముఖమే. సీసా బండ మీద పెట్టాను. అదే నా చంకలో చెయ్యి వేసి లేపింది. పగలు పిల్లలను నా దగ్గర దింపే తల్లుల్లో ఒకామె లేచి రెండో పక్క పట్టుకుని మా ఇంటిదాకా వచ్చింది. ఇంటికి చేరాక తల్లీబిడ్డలం ఒకరి మెడ ఒకరం కరుచుకుని, ఆయనను మట్టిలో పెట్టిననాడు ఏడవని ఏడుపంతా ఏడ్చాం.

ఆనాటితో మానేశానని చెప్పుకోగలిగితే బాగుండేది. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాం, మళ్లీ గోళీలు, మళ్లీ తగ్గించడం. ఈసారి మా బిడ్డ తన చేత్తో గోళీ నా నోట్లో వేసి, మింగానని నోరు తెరిచి చూపించేదాకా కదిలేది కాదు. ఆ తర్వాత కూడా దుకాణానికి పోయాను, తక్కువగా, సిగ్గుగా. ఆ ఏడాది గడిచి, మరో ఎండాకాలం నాటికి గాని నా చేతులు గుడ్డు ఒలిచేంత నిలకడకు రాలేదు. మా బిడ్డ కోస్గిలో ఒక దర్జీ దగ్గర కుట్టుపని నేర్చుకుని ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు.

ఆ రేకుల షెడ్డు ఇప్పుడు లేదు, అక్కడ ఎరువుల గోదాము కట్టారు. ఊరు బాగుపడిందని అనుకునేరు. సీసాలు కిరాణా కొట్ల వెనకకు చేరాయి. మగపిల్లలు మోటారు సైకిళ్ల మీద వచ్చి, సంచిలో పెట్టుకుని, చేన్ల గట్ల మీద ఎవరికి వాళ్లు తాగుతున్నారు. ఆడవాళ్లు పని నుంచి వచ్చి తలుపు వేసుకుని టీవీ ముందు కూర్చుంటున్నారు. నాతో ఆ వరసలో కూర్చున్నవాళ్లలో ఉన్నవాళ్ల కంటే పోయినవాళ్లే ఎక్కువ. ఆ విషం ఊళ్లోకి మళ్లీ రాకూడదనే మొక్కుకుంటాను. అయినా పొద్దు వాలే వేళకు, చీకటి పడకముందే కూలి నుంచి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుని, వచ్చినదాని ముఖం చూసి, ఏమైందని అడగకుండా కొంచెం జరిగి చోటిచ్చే జాగా ఒకటి ఊళ్లో ఉంటే బాగుండునని అనిపిస్తుంది. ఉత్త మంచినీళ్లు తాగడానికైనా సరే. అట్లాంటి జాగా మగవాళ్లకూ ఊరూరా ఉండి ఉంటే, నడుము నొప్పి పెట్టుకుని ఊరుగాని ఊళ్లో ఒంటరిగా నిలబడ్డ మనిషి, ఆ సాయంత్రాల్లో ఫోన్‌లో నాకు చెప్పనిది అక్కడ ఎవరికైనా చెప్పుకునేవాడేమో.