తేలేదాకా

ఆ రోజు అనకాపల్లి స్టేషన్‌కి రైలు ఎంతకీ రాలేదు. నా చేతిలో ఐసు పెట్టె, లోపల రక్తం సీసాలు. ఐసు కరిగిపోతుందేమోనని కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాను.

"సేపలా బాబూ?" అంది బెంచీ మీదున్న పెద్దావిడ.

"కాదమ్మా, దిగులు జబ్బున్నవాళ్ల రక్తం. ఆ జబ్బు ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో మా ల్యాబులో వెతుకుతున్నాం."

ఆవిడ పెట్టె వైపు వంగి చూసింది. "మా కోడలు పొద్దస్తమానం గోడకేసి తిరిగి పడుకుంటాది. బద్దకమని తిడతన్నాను. అదీ ఒంట్లోదేనేటి?"

"డాక్టరుకి చూపించండమ్మా. అసలు కారణం మాకే ఇంకా తేలలేదు."

ఆవిడ లేచి, కుళాయి దగ్గర తువ్వాలు తడిపి, చేపల గంపకి కప్పినట్టు నా పెట్టెకి చుట్టింది.

"బేగి తేల్సండి బాబూ. అందాకా దాన్నేటీ అనను."

మాకు ఇప్పటికీ తేలలేదు. ఆవిడ ఆ మాట మీదే ఉందో లేదో!