దేవసహాయం కాక తనిఖీ

ఎదుటి మనిషి జేబు తడమనిదే దేవసహాయం కాకకు మాట పెగలదు. మనలాంటి వాళ్లం మనిషి కనపడితే దండం పెడతాం, లేదంటే బాగున్నావా అని అడుగుతాం. కాక అలా కాదు. ముందు పై జేబు, తర్వాత రెండు పక్క జేబులు, ఆఖరికి నడుము చుట్టూ చేయి పోనిచ్చి, అగ్గిపెట్టె లేదు గదా, బీడీ లేదు గదా అని అడిగి, లేవని తేలాకే "మంచిగున్నవా బిడ్డా" అంటాడు. మా నస్పూర్‌లో ఈ సంగతి తెలియని వాళ్లు లేరు. కొత్త కోడళ్లకు అత్తలు మొదటి వారంలోనే చెప్పి పెడతారు, మీ అన్నదమ్ములు వస్తే ఆ పెద్దాయనను చూసి కంగారు పడొద్దని చెప్పమ్మా అని.

కాక ఉద్యోగమంతా బొగ్గుబాయి దర్వాజ దగ్గరే గడిచింది. బాయిలోకి దిగే ప్రతి మనిషినీ తడిమి, నిప్పు పుట్టించే వస్తువేదీ లోపలికి పోకుండా చూడడం ఆయన పని. లోపల ఏ మూల ఏ గ్యాసు నిలిచి ఉందో, ఒక్క పుల్ల గీస్తే ఎంతమంది ఇంటికి రారో ఎవరికీ తెలియదు. అందుకని ఆఫీసరు వచ్చినా తడిమేవాడు, సొంత తమ్ముడు వచ్చినా తడిమేవాడు. తమ్ముడి నడుములో బీడీకట్ట దొరికిన రోజు అతన్ని అక్కడినుంచే వెనక్కి పంపించాడు. ఆ తమ్ముడు చాలాకాలం మాట్లాడలేదు. "మాట్లాడకుంటె మానె, బతికైతె ఉన్నడు గదా" అనేవాడు కాక. తర్వాత నౌకరీ అయిపోయింది. ఆ సంగతి ఆయన చేతులకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను దర్జీని. పేరు కొమురెల్లి. మా వాళ్లంతా సిరిసిల్లలో మరమగ్గాల మీద బట్ట నేస్తే, నేను ఇక్కడికొచ్చి కాక ఇంటి పక్కనే మిషన్ పెట్టుకుని ఆ బట్ట కత్తిరిస్తున్నాను. ఊళ్లో సగం జేబులు నేను కుట్టినవే. వాటిలో వాటి యజమానుల కంటే ఎక్కువసార్లు చేయి పెట్టింది కాకే.

ఒకసారి మా వీధిలో పెళ్లి. పెళ్లికొడుకు షేర్వాణీ నేనే కుట్టాను, లోపల చిన్న చోరజేబు పెట్టమని అతనే అడిగి పెట్టించుకున్నాడు. మండపం మెట్ల దగ్గర కాక నిలబడి ఉన్నాడు. బ్యాండు మోగుతుండగా ఆయన చేయి సూటిగా ఆ చోరజేబులోకి పోయి జర్దా పొట్లంతో బయటికొచ్చింది. బ్యాండువాళ్లు కూడా ఆపేశారు. పెళ్లి ఆగలేదు గానీ, ఆ అబ్బాయి ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాక కూడా కాక ఎదురైతే రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు.

ఆదివారం చర్చి గేటు దగ్గర కూడా ఇదే తంతు. పాస్టరు గారి తెల్లని నిలువుటంగీకి కూడా మినహాయింపు లేదు. నా దగ్గర బైబిలు తప్ప ఏముంటుందని ఆయన ఒకసారి నవ్వుతూ అడిగితే, కాక నవ్వలేదు. "బైబిల్ల ఏమున్నదో సూడాలె గదా అయ్యగారూ" అని పేజీలన్నీ విదిలించి లోపలికి పంపించాడు. ఆడవాళ్ల జోలికి మాత్రం పోయేవాడు కాదు. ఆ పక్క తన భార్య సత్తవ్వ చిన్నమ్మను నిలబెట్టేవాడు. చిన్నమ్మ తనిఖీ పేరుతో అందరినీ కౌగిలించుకుని పిల్లల సంగతులు అడిగి పంపించేది.

ఇంత కఠినమైన మనిషికి ప్రిస్కిల్లా అంటే ప్రాణం. కొడుకు వెస్లీ కూతురు, నాలుగో తరగతి. ఆ పిల్ల ఏం తిన్నా ఒంటపట్టేది కాదు, పొట్ట పట్టుకుని మూలుగుతూ ఉండేది. కరీంనగర్‌లో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఈ పాపకు గోధుమ పడదు, మైదా పడదు, రవ్వ పడదు, పిసరంత కూడా నోట్లోకి పోకూడదు, పోతే పేగులు దెబ్బతింటాయి అని చెప్పాడు. కాక మొదట ఊపిరి పీల్చుకున్నాడు. మనం అన్నం తినేవాళ్లం, జొన్నరొట్టె తినేవాళ్లం, గోధుమతో మనకేం పని అన్నాడు. తర్వాత తెలిసింది, బిస్కెట్ గోధుమే, బన్ను గోధుమే, సేమియా గోధుమే, పుట్టినరోజు కేకూ గోధుమే. పిల్లలు సంతోషపడే వస్తువు ఏది చూసినా అందులో గోధుమ దాక్కుని ఉంది.

వాళ్ల చర్చిలో క్రిస్మస్ ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది. పిల్లలంతా ఒకే వరుసలో కూర్చుంటారు. ఒక్కొక్కరి చేతిలో బేకరీ డోనట్ ఒకటి పెడతారు. పాస్టరు ప్రార్థన ముగించి ఆమెన్ అనే దాకా ఎవరూ కొరకకూడదు, ఆమెన్ అనగానే అందరూ ఒక్కసారే కొరకాలి. ఆ ఒక్క కొరుకుడు కోసం పిల్లలు ఏడాదంతా ఎదురుచూస్తారు. ఆ ఏడాది క్రిస్మస్‌కు ప్రిస్కిల్లాను, పక్కవాళ్ల డోనట్ పొడి మీద పడుతుందేమోనని, వరుసలోంచి లేపి దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి చేతికి అరటిపండు ఇచ్చారు. ఎవరిదీ తప్పు కాదు, అందరూ ఆ పిల్ల మంచి కోసమే చేశారు. ఆమెన్ అన్నప్పుడు ప్రిస్కిల్లా ఆ పండు తోలు తీయలేదు. అలాగే ఇంటికి తెచ్చి సత్తవ్వ చిన్నమ్మ చేతిలో పెట్టింది.

తినని ఆ అరటిపండు కాకకు గొంతులో అడ్డం పడింది. వచ్చే క్రిస్మస్‌కు నా మనుమరాలు వరుసలో కూర్చుంటుంది, డోనట్ మన ఇంట్లోనే చేస్తాం అని ప్రకటించాడు. అప్పటిదాకా ఆయన పొయ్యి వెలిగించి ఎరగడు. నిప్పుకు దూరంగా ఉండమని అందరికీ చెప్పిన మనిషి గదా.

ఆ రోజు నుంచి వాళ్ల వంటింటి గడప బాయి దర్వాజ అయింది. అగ్గిపెట్టె సంగతి పక్కకుపోయి, బిస్కెట్ లేదు గదా, బన్ను లేదు గదా అనే కొత్త ప్రశ్న వచ్చింది. బియ్యం పట్టించడానికి పోయి, పిండి గిర్నిలో అంతకుముందు ఏం పోశారని అడిగాడు. గోధుమలని చెప్పగానే గిర్నిని విప్పి కడగమన్నాడు. గిర్నాయన బియ్యంతో సహా కాకను బయటికి సాగనంపాడు. దాంతో బియ్యం నానబెట్టి, నీడకు ఆరబోసి, ఇంట్లో మిక్సీలోనే పట్టుకోవడం మొదలుపెట్టారు. పిండి జల్లించడానికి లోపలికి పోబోతున్న సత్తవ్వ చిన్నమ్మను కూడా కాక ఆపి, కొంగు విదిలించమన్నాడు.

"నా వంటింట్లకు నేను పోవుడుకు నీ పర్మిషన్ గావాల్నా?" అంది చిన్నమ్మ. కొంగులోంచి ఆకువక్క పొట్లం కిందపడింది. కాక దాన్ని వాసన చూసి, గోధుమ లేదని తేల్చి, గౌరవంగా తిరిగి ఇచ్చాడు.

మొదటి వాయి డోనట్లు నూనెలో పడ్డాయి. ఉత్త బియ్యప్పిండి, పైన గట్టిపడి లోపల ఆవిరి చిక్కుకుంది. ఒకటి టప్పుమని పేలి ఇంటి కప్పుకు అతుక్కుంది. కాక ఒక్క క్షణం ఆలోచించలేదు. పొయ్యి ఆర్పి, అందరూ బయటికి అని కేకేసి, ఇల్లు ఖాళీ చేయించాడు. గొడవ విని నేను వచ్చేసరికి వెస్లీ, అతని భార్య, చిన్నమ్మ, ప్రిస్కిల్లా వీధిలో వరుసగా నిలబడి ఉన్నారు. కాక తలలు లెక్కపెడుతున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదని తేలాక గాని మమ్మల్ని మాట్లాడనివ్వలేదు. ఆ కప్పు మీది మరక ఇంకా ఉంది.

రెండోసారి పేలలేదు గానీ నూనెలోనే విడిపోయి పొడిపొడి అయ్యాయి. గోధుమలో ఉండే జిగురు బియ్యానికి ఉండదని అప్పుడర్థమైంది. చివరికి చిన్నమ్మే దారి కనిపెట్టింది. ఉడికించిన ఆలుగడ్డ మెత్తగా మెదిపి, బెల్లం పాకం, గుడ్లు, చిటికెడు సోడా వేసి పిండి కలిపింది. నూనె రాసిన పాలప్యాకెట్ కవరు మీద ఒత్తి, వడకు పెట్టినట్టే నడుమ వేలితో తూటు పెట్టి, సన్నని మంట మీద కాల్చింది. ఈసారి చక్కగా పొంగి, ఎర్రగా వచ్చాయి. ప్రిస్కిల్లా ఒకటి తిని, వెంటనే రెండోది తీసుకుంది. కాక బయటికొచ్చి మా మిషన్ దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు, నూనె పొగ అన్నాడు.

మరునాడు ప్రిస్కిల్లా పొట్ట పట్టుకుని పడుకుంది. వాంతులు. బడి మానేసింది. వెస్లీ భార్య, ఇక ఈ డోనట్ల ముచ్చట ఇంట్లో ఎత్తొద్దని కచ్చితంగా చెప్పేసింది. కాక విచారణ పెట్టాడు. డబ్బాలు, జల్లెడ, కడాయి, గరిటె, ఇంట్లో అందరి జేబులు, చివరికి పిల్లి పడుకునే గోనెసంచి కూడా తడిమాడు. ఎక్కడా గోధుమ దొరకలేదు. మనిషి సగమైపోయాడు.

ఆ మరుసటి రోజు అంగీ గుండీ ఊడిందని నా దగ్గరకు తెచ్చాడు. కుట్టే ముందు జేబు తిరగేసి దులపడం మా దర్జీల అలవాటు. తిరగేశాను. గుప్పెడు రస్కు పొడి నా బల్ల మీద రాలింది. కాక రోజూ పొద్దున హోటల్లో చాయ్‌లో రస్కు ముంచుకుని తిని, మిగిలిన ముక్క జేబులో వేసుకుంటాడు. అదే అంగీతో పిండిగిన్నె మీదికి వంగి, గోధుమ ఉందేమోనని వాసన చూస్తూ వచ్చాడు.

నాకు చెప్పబుద్ధి కాలేదు, చెప్పకుండా ఉండబుద్ధీ కాలేదు. "కాకా, అందరి జేబులు నువ్వు తడుముతవు. నీ జేబు ఎవరు తడుముతరు?" అన్నాను.

ఆయన ఆ పొడిని చిటికెతో తీసి వాసన చూశాడు. "బాయి మీద నన్ను గూడ తడుముతుండ్రి కొమురెల్లీ. ఇంటికొచ్చినంకనే నాకు నేను పెద్దమనిషినైన" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడలేక నేను సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను.

మరునాడు తన అంగీలన్నీ మూటకట్టుకుని వచ్చి జేబులు విప్పేయమన్నాడు. జేబు లేని అంగీ దర్జీకి అవమానమని నేను చెప్పి చూశాను, వినలేదు. విప్పాను. పాత అంగీలు కదా, బట్టంతా వెలిసిపోయి, జేబు ఉన్నచోట మాత్రం అసలు రంగు చతురస్రంగా మిగిలింది. ఆ ముద్రతోనే ఊరంతా తిరిగాడు. రస్కు మానేశాడు. కోడలి దగ్గరకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పుకుని, ఇంకొక్క అవకాశం అడిగాడు. ఆమె ఒప్పుకుంది, ఒక షరతు మీద. వంటింట్లోకి పోయే ముందు కాకను ప్రిస్కిల్లా తడమాలి. ఆ పిల్ల బాగా కోలుకున్నాక, ఎత్తు అందక స్టూలెక్కి తాత మెడ, చేతులు, నడుము చూసి "పో" అనేది. తర్వాత చేసిన డోనట్లు తిని ఆ పిల్లకు ఒక్కరోజు కూడా పొట్ట నొప్పి రాలేదు.

క్రిస్మస్ ముందు రెండు రోజులు వాళ్లింట్లో పగలంతా పొయ్యి వెలుగుతూనే ఉంది. ఒక్క పిల్లకు ఇన్ని డోనట్లెందుకని కాకను అడిగాను. "పండుగనాడు చర్చికి రా. జేబున్న అంగీ ఏస్కోని రా" అన్నాడు. జేబులు విప్పించుకున్న మనిషి నాకీ మాట చెప్పడమేమిటని అనుకున్నాను.

పండుగనాడు గేటు దగ్గర మొగవాళ్ల వైపు కాక నిలబడ్డాడు, ఆడవాళ్ల వైపు చిన్నమ్మ. ఇద్దరి వెనకా బట్ట కప్పిన గంపలున్నాయి. చలికాలం, పిల్లలంతా స్వెటర్లలో వచ్చారు. ఎప్పటిలాగే అందరూ చేతులెత్తారు, ఎప్పటిలాగే ఇద్దరూ తడిమి పంపించారు. ఇన్నేళ్ల అలవాటు మీద ఎవరూ పట్టించుకోలేదు. చివర్లో బేకరీ డబ్బాలు వచ్చాయి. కాక వాటికి అడ్డంగా నిలబడ్డాడు.

"గోధుమ. లోపటికి పోదు" అన్నాడు.

ఆరాధన అయింది. పిల్లలు వరుసలో కూర్చున్నారు, వాళ్ల మధ్యలో ప్రిస్కిల్లా. చేతులన్నీ ఖాళీ. డబ్బాలు గేటు దగ్గరే ఆగిపోయాయన్న సంగతి వరుస పొడుగునా పాకింది. చిన్నవాళ్ల పెదవులు వంకర తిరిగాయి. ఒక్క మనుమరాలి కోసం ఇంతమంది పిల్లలను ఏడిపిస్తారా అని వెనక ఎవరో గట్టిగానే అన్నారు. ప్రిస్కిల్లా తలవంచుకుంది, లేచి కిందటేడు కూర్చున్న ఆ కుర్చీ దగ్గరకు పోవడానికి కూడా సిద్ధపడింది. పాస్టరు ఏం చేయాలో తోచక కాక వైపు చూశాడు.

"ప్రార్థన చెయ్యిండ్రి అయ్యగారూ" అన్నాడు కాక.

పాస్టరు ప్రార్థించాడు. ఆమెన్ అన్నాడు. ఎవరూ దేన్నీ కొరకలేదు, కొరకడానికి ఏమీ లేదు గనుక. అప్పుడు కాక అందరికీ వినపడేలా అన్నాడు.

"ఇగ ఎవరి జేబు వాళ్లు సూస్కోండ్రి."

నేను జేబులో చేయి పెట్టాను. అరిటాకు ముక్కలో చుట్టిన డోనట్ తగిలింది. పిల్లల స్వెటర్ జేబుల్లోంచి, ఆడవాళ్ల చేతిసంచుల్లోంచి, పెళ్లినాడు పట్టుబడ్డ ఆ అబ్బాయి జేబులోంచి, పాస్టరు గారి నిలువుటంగీలోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. జీవితమంతా జేబుల్లోంచి తీసిన చేయి ఆ రోజు గేటు దగ్గర అందరి జేబుల్లోనూ పెట్టింది. ఎవరికీ తెలియలేదు. పాస్టరు గొంతు సవరించుకుని రెండోసారి ఆమెన్ అన్నాడు. వరుసంతా ఒక్కసారే కొరికింది, ప్రిస్కిల్లాతో సహా.

అప్పుడే ప్రిస్కిల్లాకు ఏదో గుర్తొచ్చినట్టు లేచి తాత దగ్గరకు వచ్చింది. అంగీ మీది ఆ చతురస్రాన్ని ఓసారి తడిమింది.

"నీకు జేబే లేదు గద తాతా" అని తన డోనట్‌లో మిగిలినది తుంచి సగం ఆయన నోట్లో పెట్టింది. కాక ఈసారి నూనె పొగ అనలేకపోయాడు, అక్కడ పొయ్యి లేదు. బేకరీ డబ్బాలు ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర పంచారు గనుక పిల్లలకూ ఆయన మీద కోపం మిగల్లేదు.

వారం తర్వాత పాస్టరు గారు ఆ తెల్లని అంగీ పట్టుకుని మా దుకాణానికి వచ్చారు. జేబు దగ్గర అరచేతి వెడల్పున నూనె మరక. నిమ్మకాయ, ఉప్పు రాస్తే పోతుందయ్యగారూ అన్నాను.

"మరక ఉండనియ్యి కొమురెల్లీ" అన్నారాయన. "వచ్చే క్రిస్మస్‌కు జేబు జర పెద్దగ కుట్టు."