ఉప్పునీటి మడిలో ఏరువాక

బంధువుల భూమి కాగితాల కోసం మూడు రోజులు తిరిగినా పని తెమల్లేదు. పోర్ట్ బ్లెయిర్ వెళ్లే బస్సు కోసం చౌల్దారీ రోడ్డు పక్కన కూలబడ్డాను. చెప్పుల నిండా బురద. ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు.

ఎదురుగా రోడ్డును ఒరుసుకుని నీళ్లు, వాటిలో తలలు లేని కొబ్బరి మోడులు. ఒక పెద్దావిడ గట్టు మీద అగరొత్తి గుచ్చి, కొంగులోంచి గుప్పెడు గుప్పెడు ధాన్యం తీసి నీళ్లలోకి చల్లుతోంది. కళ్ల చుట్టూ తెల్లమచ్చలున్న అడవి బాతులు ఏమాత్రం జంకకుండా ఆమె దగ్గరికి ఈదుకుంటూ వచ్చాయి.

"బాతులకి మేతా అమ్మా?" అని అడిగాను, ఊరుకోలేక.

తెలుగు వినగానే ఆమె ఇటు తిరిగింది. "మేత కాదు బాబూ, విత్తనం. ఈరోజు ఏరువాక కదా. మా మావ సిక్కోలు నుంచి వచ్చి, అడవి కొట్టి చేసిన మడి ఇది. సునామీకి నేల కుంగిపోయి సముద్రం లోపలికొచ్చేసింది. మళ్లీ పోలేదు."

"ఉప్పునీళ్లలో మొలుస్తుందా?"

"ఎక్కడ మొలుస్తాది! పాగల్ అంటాడు మా అబ్బాయి." ఆమె ఖాళీ కొంగు దులుపుకుంది. "అయినా మన మడిని విత్తకుండా ఎలా వదిలేస్తాం?"

ఇంతలో మలుపులో బస్సు కనిపించింది. నేను లేచి సంచి భుజానికి తగిలించుకుంటుంటే ఆమె కంగారుగా అంది.

"హారన్ కొట్టొద్దని డ్రైవర్ భయ్యాకి చెప్పు బాబూ. అవి ఇంకా తింటున్నాయి."