జవాబుల మావయ్య ఇంట్లో అడగని ప్రశ్న

స్టేషన్లో ఆయన్ని అందరూ జవాబుల మావయ్య అనేవారు. టికెట్ కౌంటర్ల పక్కన, అద్దం బిగించిన విచారణ కిటికీ వెనక ఆయన కుర్చీ. అద్దంలో నోటి ఎత్తున ఒక గుండ్రటి కన్నం. జనం చేతులు ఆన్చీ ఆన్చీ దాని అంచు నల్లగా మెరుస్తూ ఉండేది. డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా ఆ కన్నంలోంచి ప్రశ్నలు వచ్చి పడేవి. బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుంది? చంటిపిల్లకి టికెట్ కొనాలా? టికెట్ పారేసుకుంటే దించేస్తారా? గొలుసు లాగితే నిజంగా ఆగుతుందా? డ్రైవరు కునుకు తీస్తే మా గతేంటి?

అన్నిటికీ చెప్పేవాడు మహానుభావుడు. పట్టాల కింద కంకర ఎందుకు పోస్తారని ఒక పెద్దాయన అడిగితే, “బండి బరువుకి పట్టాలు పక్కకి జరక్కుండా పట్టుకునేవి ఆ రాళ్ళేనండీ. వాననీళ్ళు నిలవకుండా కిందికి దింపేసేవీ అవే” అని, వెనక క్యూ గొణుగుతున్నా పూర్తిగా చెప్పి పంపాడు. మొహమాటంతో నిలబడ్డవాళ్ళని తనే కదిలించేవాడు. “అడగనిదే అమ్మయినా పెట్టదు. అడగండమ్మా!” అనేవాడు.

అయితే ఒకటి. అడిగినదానికే జవాబు. అడగనిదానికి ఆయన పెదవి విప్పేవాడు కాదు. ఆ కుర్చీలో కూర్చున్న కొత్తలో పై అధికారి నేర్పిన పాఠం అది. అడగనివి కూడా చెప్పుకుంటూ పోతే క్యూ వీధిలోకి పాకుతుంది మరి.

ఇంటికి చేరేసరికి తల ప్రాణం తోకకి వచ్చేది. పెళ్ళైన కొత్తలో భార్య, “ఇవాళేం వండమంటారు?” అని అడిగితే, “ఇక్కడ కూడానా!” అన్నాడు. కసిరి కాదు, ఏడుపు మొహంతో. అంతే, ఆ మహాతల్లి ఇంట్లో ఒక కట్టడి పెట్టేసింది. ఆయన్ని ఎవరూ ఏమీ అడగకూడదు. కూతురు చిన్నప్పుడు “నాన్నా, మరేమో...” అని మొదలుపెడితే చాలు, “నాన్నని అడక్కు, అలిసిపోయి వచ్చారు” అని పక్కకి లాక్కుపోయేది. ఏ కూర వండాలో, ఇంటికి సున్నం ఎప్పుడు వేయించాలో, ఒంట్లో ఎలా ఉందో, అన్నీ అడక్కుండానే జరిగిపోయేవి. ఎంత అన్యోన్యమైన కాపురమో అని ఇరుగూ పొరుగూ మెచ్చుకునేవారు. నన్నడిగితే ఆ అన్యోన్యానికి నాలుగు తగిలించాలి.

ఇలా ఉండగా, ఆవిడ తల్లికి బాగాలేదని కబురొచ్చింది. “ఆఖరి చూపు దక్కాలంటే అక్కని వెంటనే పంపండి బావగారూ” అన్నాడు బావమరిది. ఎన్ని కాళ్ళు పట్టుకున్నా ఈయనకి సెలవు దొరకలేదు. ఎప్పుడు పుట్టింటికి వెళ్ళినా ఆయనే రైలెక్కించి, పక్కన కూర్చుని, ఆయనే దింపేవాడు. ఈసారి ఆవిడ ఒక్కత్తే బయల్దేరింది.

ఆ బండికి ఒక గుణం ఉంది. దారిలో ఒక జంక్షన్లో రెండుగా విడిపోతుంది. ముందు సగం అదే ఇంజనుతో సముద్రం వైపు పోతుంది. వెనక సగానికి ఇంకో ఇంజను తగిలించి కొండల వైపు లాక్కుపోతారు. అత్తగారి ఊరు కొండల వైపు. “ఆ ఊరైతే వెనక పెట్టెలండీ, వెనక పెట్టెలెక్కండి” అని ఆ పొద్దున కూడా అడిగినవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాడు. ఆవిడకి మాత్రం బండి విడిపోతుందనే తెలియదు. ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

సంచి పట్టుకుని ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది. ముందే కొని ఉంచిన టికెట్‌ని ఆయన అద్దం కిందినుంచి జరిపాడు. టికెట్ తీసుకుని కూడా ఆవిడ కదల్లేదు. ఏ పెట్టె ఎక్కాలో అడుగుదామని నోటిదాకా వచ్చింది. కన్నంలోంచి ఆయన మొహం చూస్తే వడలిపోయి ఉంది. ఈలోగా వెనకనుంచి ఎవడో, “కాస్త తొందరగా కానివ్వండమ్మా, మా బండి వెళ్ళిపోతుంది!” అని అరిచాడు.

“వస్తానండీ,” అంది.

“జాగ్రత్త,” అన్నాడు. తర్వాతి మనిషి చంటిపిల్ల టికెట్ సంగతి అడిగితే, దానికి వివరంగా జవాబు చెప్పాడు.

ఆవిడ మెట్లు దిగగానే ఎదురుగా కనిపించిన పెట్టె ఎక్కింది. లోపల ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. రాత్రంతా ఏడ్చిన మనిషికి, కిటికీకి తల ఆన్చగానే నిద్రపట్టేసింది.

సాయంత్రం విచారణ కిటికీలో ఫోను మోగింది. బావమరిది. “బావగారూ, బండి వచ్చింది, వెళ్ళింది. అక్క దిగలేదు. అమ్మ కళ్ళు తెరిచినప్పుడల్లా ‘పెద్దది వచ్చిందా?’ అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?”

“బండి రైట్ టైముకే బయల్దేరిందే,” అన్నాడు అలవాటుకొద్దీ. అన్నాక తట్టింది. ఊరందరికీ చెప్పిన ముక్క ఇంటిదానికి చెప్పలేదు. కన్నంలోంచి ఎవరో ప్లాట్‌ఫారం అడుగుతున్నారు.

సముద్రం ఒడ్డున దిగిన ఆవిడ, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, బస్సులు మారి, మర్నాడు పుట్టింటికి చేరింది. అమ్మ మొహం తను చూసుకుంది గానీ, అమ్మ తనని చూసుకోలేదు.

తిరిగొచ్చాక ఆవిడ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. కంటతడి కూడా పెట్టలేదు. వచ్చిన చిక్కంతా అదే. నాలుగు తిట్టినా ఆయన ప్రాణం కుదుటపడేది. “ఇదిగో, ఏమైనా అడగవే” అని ఆయనే వెంటపడితే, “అడగడానికేముందండీ” అని పనిలో పడిపోయేది. పోనీ తనే చెబుదామని, రేపు వాన పడుతుందట అనో, పక్కవీధిలో కుళాయి బాగుచేశారట అనో మొదలుపెట్టేవాడు. “అలాగా” అనేది. అంతటితో సరి.

స్టేషన్లో మాత్రం ఆయన మారిపోయాడు. ఆ బండి ఎక్కే ప్రతివాణ్ణీ, అడక్కపోయినా ఆపి, “ఏ ఊరు? కొండల వైపైతే వెనక పెట్టెలు” అని చెప్పేవాడు. క్యూ వీధిలోకి పాకింది. ముసలాడికి చాదస్తం పట్టిందని నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు పొమ్మన్నాడు.

ఒక సాయంత్రం ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతూ, చేతిలో చొక్కా అలాగే ఉంచుకుని, “ఏవండీ, ఒకటి అడగనా?” అంది.

ఆయన కుర్చీ లాక్కుని మరీ దగ్గరికి వచ్చాడు. “అడుగు, అడుగు!”

“ఆ రోజు కిటికీ దగ్గర, ఏ పెట్టె ఎక్కాలని అడిగుంటే విసుక్కునేవారా?”

నిజం ఆయనకి తెలుసు. విసుక్కునేవాడు కాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పినట్టే ఒక్క ముక్కలో చెప్పేసేవాడు. కానీ ఇప్పుడు ఆ మాటంటే, ఒక్కసారి నోరు విప్పి ఉంటే అమ్మ ఆఖరి చూపు దక్కేదే అని ఈ మనిషి బతికినన్నాళ్ళూ తనని తాను తిట్టుకుంటుంది.

“విసుక్కునేవాణ్ణే,” అన్నాడు. “నీకు తెలీదూ నా సంగతి? అందరి ముందూ కసిరేవాణ్ణి.”

కిటికీ వెనక కూర్చున్న ఇన్నేళ్ళలో ఎవరికీ ఆయన తప్పు జవాబు చెప్పి ఎరగడు.

“నేనూ అదే అనుకున్నానండీ,” అంది ఆవిడ. ఆ చొక్కాలో మొహం దాచుకుని, అమ్మ కోసం ఇన్నాళ్ళకి బావురుమంది.