కమిలి ఇంటి ముందు కట్టిన మేకలు

అది 2022 చలికాలం. మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. పెద్దవంగర మండలంలోని తండాలు నాకిచ్చారు. ఏడాదిన్నర బాబును జనగామలో మా అమ్మ దగ్గర వదిలి, వారమంతా బ్రాంచి గదిలో ఉండేదాన్ని. శనివారం సాయంత్రం పోతే సోమవారం తెల్లారగట్ల మళ్లీ బస్సు.

ఈ పని తెలియని వాళ్లకోసం కాస్త చెప్పాలి. మేము తాకట్టు అడగం. ఐదుగురు ఆడవాళ్లు గ్రూపుగా చేరి ఒకరికొకరు జామీను ఉంటారు. వారానికోసారి అందరూ ఒకచోట కూర్చుని కిస్తీ కట్టడాన్ని సెంటర్ మీటింగ్ అంటాం. అప్పిచ్చిన నెలలోపు ఇంటికి పోయి, చెప్పిన పనికే వాడారా అని చూసి, ఫొటో తీసి యాప్‌లో పంపాలి. అది లోన్ యుటిలైజేషన్ చెక్.

ఒక తండాలో అప్పు తీసుకున్న కమిలిది నా వయసే. ఫారంలో మేకలు అని ఉంది. నేను పోయేసరికి ఇంటి ముందు గుంజకు రెండు మేకలున్నాయి. గ్రూపులోని మిగతా నలుగురూ వచ్చి నిలబడ్డారు.

"మంచిగున్నయే కమిలీ. ఎక్కడ కొన్నవ్?"

"అంగడిల" అంది తలెత్తకుండా.

"ఏ అంగడిల?"

గ్రూపు లీడర్ ద్వాళి అందుకుంది. "అంగడంటే అంగడే మేడం. మేకలకు గూడ ఆధార్ కార్డు అడుగుతరా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఫొటో తీశాను. పంపబోతుండగా పక్క సందులోంచి ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

"నా మేకల్ని ఈడ ఎవలు కట్టేసిన్రే? పొద్దటి సంది చెల్కలన్ని దేవులాడుతున్న!"

ద్వాళి తమ భాషలో ఆమెను గదమాయించింది. కానీ మేకలు ఆమె గొంతు వినగానే తాడు తెంపుకునేటట్టు అటే లాగాయి. ముసలమ్మ తాడు విప్పి, నా వైపు ఒకసారి చూసి, వాటిని తోలుకుపోయింది. ఎవరూ నవ్వలేదు.

కమిలి నన్ను లోపలికి పిలిచింది. "మేస్త్రీకి కట్టిన మేడం" అంది.

హైదరాబాదులో బిల్డింగుల దగ్గర పనికి మేస్త్రీ ముందుగా డబ్బిస్తాడు. అది తీరేదాకా మొగుడూ పెళ్లాం అక్కడే ఉండాలి. అంతకుముందు ఏడాది పాపను అత్త దగ్గర వదిలి ఏడు నెలలు పోయారట, అయినా బాకీ మిగిలిందట.

"తిరిగొచ్చినంక నన్ను జూసి మా అత్త ఎనుక దాసుకున్నది మేడం. ఆమెను యాడి అంటది. యాడి అంటే మా బాసల అమ్మ. నన్నేమో, గీమె ఎవలు అన్నది. బాకీ కడితే ఈ ఏడు పోవుడు తప్పుతదని కట్టిన. మీ ఫారంల మేస్త్రీ బాకీ రాయరు గద."

ఆ పాపే, మూడేళ్ల అంజలి, అప్పుడు ఆమె ఒడిలో కూర్చుని నా ఐడీ కార్డు తాడు లాగుతోంది. మా బాబు శనివారం నన్ను చూడగానే ముందు మా అమ్మ ముఖం చూసేవాడు, వెళ్లనా అని అడిగినట్టు. ఆ మాట కమిలికి చెప్పలేదు.

ఫొటోను ఫోన్‌లోంచి చెరిపేసి, బయటికొచ్చి మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"సార్, మేస్త్రీ బాకీ తీర్చింది. కిస్తీలు ఆపదు, నాకు నమ్మకముంది."

"నమ్మకానికి యాప్‌లో కాలమ్ లేదమ్మా. మేకలున్నయా, లేవా?"

"లేవు సార్."

నిజం రాస్తే పైవాళ్లు అర్థం చేసుకుంటారనుకుని అదే రాశాను. కమిలి పేరు ఎదురుగా 'చెప్పిన పనికి వాడలేదు' అని పడింది.

ఆ ఏడాది ఆమె ఒక్క వారం కూడా తప్పలేదు. పత్తి ఏరింది, మిర్చి కోతకు పోయింది. సెంటర్ మీటింగుకు అంజలిని చంకనేసుకుని వచ్చేది. సంతకం పెట్టబోతే ఆ పిల్ల పెన్ను గుంజుకుని "యాడీ, నేను" అనేది. ఆ పిలుపు వినడానికే నేను కమిలి వంతు చివరికి పెట్టేదాన్ని.

అప్పు తీరాక రెండో లోన్ అడిగింది. "ఈసారి నిజంగనే మేకలు కొంట మేడం. ముసలవ్వనే అమ్ముతనన్నది." మిగతా నలుగురికీ వచ్చింది, కమిలికి రాలేదు. కారణం నేను రాసిన ఆ ఒక్క వాక్యం. ద్వాళి నా ముఖం మీదే అడిగింది: "ఆనాడు ఆ ఫొటో పంపితే నీ సొమ్మేం పోయేది మేడం?"

ఆ ఏడు వానలకు పత్తి పాడై కూలి పనులు దొరకలేదు. కమిలి మొగుడు మళ్లీ మేస్త్రీ దగ్గర డబ్బు తీసుకున్నాడు.

వాళ్లు పోయే రోజు పెద్దవంగర బస్టాపులో కనిపించింది. పాప వెంట లేదు. సైటు మీద గుంతలు, ఇనుప చువ్వలు, ఎట్ల తీస్కపోవాలె అంది.

"ఏడ్వకు కమిలీ. ఈసారి నిన్ను గుర్తుపడ్తది."

"గుర్తుపడ్తది మేడం. అందుకే పోబుద్ధైతలేదు. అప్పుడైతే నిద్రల ఇడిసిపోయిన. ఇప్పుడు నా కొంగు పిడికిట్ల పట్టుకొనే పండుతది."

ఆ తర్వాత నేను బదిలీ అడిగి జనగామకు వచ్చాను. అడగడానికి నాకొక ఆఫీసు ఉంది.

చాలాకాలం ఆ ఫొటో పంపాల్సిందా, వద్దా అనే ఆలోచించాను. కానీ అసలు తప్పు అంతకు నెల ముందే జరిగింది. ఫారం నింపేటప్పుడు, తొందరలో, "మేకలా, బర్రెనా?" అని అడిగింది నేనే. ఆమె రెండింట్లో ఒకటి చెప్పింది. ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి, "ఈ పైసలతోని మీ ఇంట్ల ఏం మారాలె?" అని అడుగుతాను. మేస్త్రీ బాకీ అంటే ముందు, ఏ అవసరానికైనా అప్పిచ్చే ఊరి పొదుపు సంఘానికి తీసుకెళ్తాను. కొందరికి దొరుకుతుంది, కొందరికి దొరకదు.

చిన్న అప్పుతో పేదరికం పోతుందా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. నాకు తెలిసింది కమిలి సంగతే. ఆ అప్పు ఆమెకు ఒక ఏడాది ఇచ్చింది. రెండో ఏడాది నా చేతిలో పోయింది. ఆ మొదటి ఏడాదిలోనే అంజలికి నాలుగేళ్లు నిండాయి. ఆ రోజు వాళ్లమ్మ ఇంట్లోనే ఉంది.